కథాచిత్రకారుడు : తెలుగు కథకు తొలి వ్యాఖ్యాత

వ్రాత, గీత అను రెండు మాటలను తెలుగువారు జంటగా వాడుదురు. సంస్కృతమున ‘లిఖ్’ ధాతువునకు గీచుట, వ్రాయుట అను రెండర్థములును గలవు; లేఖకుడు, చిత్రలేఖనము అను పదములు రెండును ఆ ధాతువునుండియే వెలువడినవి. హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్‌కు చేరువనున్న చైతన్యపురిలో, మూసీనది యొడ్డున, విష్ణుకుండినరాజగు గోవిందవర్మనాటి ప్రాకృత శిలాశాసన మొకటి కలదు. క్రీ. శ. 5వ శతాబ్ది ప్రాంతమునాటిదగు ఆ శాసనము ఈ నగరమున నెఱుకపడిన శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనదిగా పరిగణింపబడుచున్నది. ఉలితో రాతిని గీచినవానికి వ్రాతయు గీతయు నొక్క పనియే. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఆ రెండును వేర్వేరు చేతులలోనికి పోయినవి. వ్రాసినవాడు గ్రంథకర్త యయ్యెను. గీచినవాడు తరచుగా పేరులేనివాడయ్యెను. ఆ రెండవవాని పనిని సాహిత్యదృష్టితో పరిశీలించుట యీ వ్యాసమునకు విషయము.

పత్రికలయందు కథలకును, ధారావాహిక నవలలకును, వ్యాసములకును బొమ్మలు వేయువారు రెండు తెగలవారు. నెలజీతమునకు పత్రికాకార్యాలయమున కూర్చుండి పనిచేయువా రొక తెగ. బొమ్మకింత యని ప్రతిఫలము పుచ్చుకొని, ఏ పత్రిక కోరిన నా పత్రికకు, తమ యింటనుండియే పనిచేయువారు రెండవ తెగ. వీరిని వాడుకలో ఫ్రీలాన్సు చిత్రకారులందురు. మొదటివారి కుద్యోగమను రక్షణ గలదు. రెండవవారికి తమ గీతయే ఉద్యోగము, తమ సంతకమే ఆస్తి. అందుచేత గీతయొక్క విలువను గూర్చిన ప్రశ్న వీరి విషయమున కేవలము రసచర్చ గాక జీవనప్రశ్నయు నగుచున్నది.

కథాచిత్ర మనగా నేమి? అలంకారమని పలువురి యభిప్రాయము. పుట నిండుటకును, పాఠకుని కన్ను పట్టుటకును వేయునదని పత్రికలవారి వాడుక. ఈ రెండభిప్రాయములును చిత్రకారుని పనిలోని ప్రధానాంశమును విడిచిపెట్టుచున్నవి. చిత్రకారుడు సంపాదకుని తరువాత కథను చదువు మొదటి పాఠకుడు. తాను చదివి గ్రహించిన యర్థమును ఇతర పాఠకులకు ముందుగానే యందించువాడు. అట్టివానికి మన శాస్త్రసంప్రదాయమున నొక పేరు గలదు: వ్యాఖ్యాత. కథాచిత్రము వ్యాఖ్యానమే, అక్షరములకు మారుగా గీతలతో చేయబడిన వ్యాఖ్యానము. కావున వ్యాఖ్యానమును పరీక్షించు సూత్రములతోనే దానిని పరీక్షింపవలెను.

ఆ సూత్రములకై తెలుగువారు దూరము పోనక్కఱలేదు. కాళిదాస భారవి మాఘాదుల కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మెదకుమండలములోని కొల్చారమునకు చెందినవాడని పండితుల నిశ్చయము. మూలమున లేనిదానిని వ్రాయననియు, అవసరము కానిదానిని పలుకననియు ఆయన చేసిన ప్రతిజ్ఞ పండితలోకమునకు సుపరిచితమే. ఈ రెండు నియమములును కథాచిత్రమునకు యథాతథముగా నన్వయించును. కథలోని ముసలమ్మ ఒంటికంటిదైనచో రెండు కన్నులు వేయుట అమూలము. వాననాటి రాత్రి జరిగిన సంభాషణకు ఎండలో నిలిచిన యువతిని వేయుట అమూలము. పాత్రల చుట్టును బల్లలు, కుర్చీలు, పూలకుండలు, తీగెలు నింపుట అనపేక్షితము. కథను సగమే చదివి వేసిన బొమ్మలలో మొదటి దోషమును, చదువకయే వేసిన బొమ్మలలో రెండవ దోషమును మిక్కుటముగా కానవచ్చును. ఏలయన తెలియనివాడు తెలియమిని అలంకారముచేత కప్పుకొనును.

చిత్రకారునికి మాత్రము మూడవ నియమ మొకటి యధికముగా కలదు. కావ్యవ్యాఖ్యాత శ్లోకము తరువాత నిలుచును. చిత్రము కథకు ముందుగా నిలుచును. పాఠకుడు మొదటి వాక్యమును చదువకమునుపే బొమ్మను చూచును. కావున కథాంతమున బయలుపడవలసిన రహస్యమును బొమ్మ ముందుగా చాటిచెప్పరాదు. జర్మను విమర్శకుడగు లెస్సింగు 1766లో ప్రకటించిన ‘లవోకూన్’ అను గ్రంథమున, కవికి కాలప్రవాహ మంతయు వశమనియు, చిత్రకారునికి ఒక్క క్షణమే వశమనియు, కావున నతడు పరాకాష్ఠను గాక, దానికి ముందటి గర్భితక్షణము నెన్నుకొనవలెననియు వాదించెను. కొట్టిన దెబ్బకంటె ఎత్తిన చేయి ఎక్కువ చెప్పును. తెలుగు కథాచిత్రకారులలో నేర్పరులైనవారు లెస్సింగును చదివినను చదువకున్నను ఈ రహస్యమును చేతితో నెఱిగినవారే. తలుపు తెఱచినతరువాత కనబడిన శవమును గాక, గడియపై ఆగిన చేతిని వేయువాడే కథను కాపాడినవాడు.

ఈ విద్య పత్రికలతోనే మన దేశమునకు వచ్చినది కాదు. తెలంగాణమున చేర్యాల నకాషీ చిత్రకారులు తరతరములుగా కథాచిత్రకారులే. కూనపులివారు పద్మశాలీల కులపురాణమును చెప్పుటకును, కాకిపడగలవారు ముదిరాజుల యెదుట పాండవుల కథ చెప్పుటకును, పొడవైన గుడ్డపటములపై వరుసబొమ్మలను వేసి యిచ్చుట వారి వృత్తి. పటమును కోరువాడు కథకుడు, వేయువాడు నకాషీ, చూచువారు శ్రోతలు. కథకుని నోట వెలువడని ఘట్టము పటమున నుండదు; పటమున నున్న ఘట్టమును కథకుడు విడువరాదు. పటము పాతబడినచో క్రొత్తది వేయించుకొందురు. ఆ చిత్రకారుని జీవనము నేటి ఫ్రీలాన్సు చిత్రకారుని జీవనమువంటిదే: పని వచ్చిననాడు కూలి, లేనినాడు ఎదురుచూపు, పటముపై పేరు లేమి. కాని యొక భేదము కలదు. నకాషీ యెవరికొఱకు పటము వేయుచున్నాడో ఆ కథకుడు అతని యెదుటనే కూర్చుండెడివాడు. పత్రికాచిత్రకారుడు తాను బొమ్మ వేసిన రచయితను జన్మలో నొకమారైన చూడకపోవచ్చును.

గీతయొక్క స్వరూపమును నిర్ణయించినది కళాభిరుచి యొక్కటియే కాదు, అచ్చుపనియు నిర్ణయించినది. పూర్వము బొమ్మను అచ్చొత్తుటకు దానిని ఛాయాగ్రహణముచేత జింకురేకుపైకి దింపి, ఆమ్లముతో కొఱికించి, లైను బ్లాకు చేయించెడివారు. ఆ బ్లాకునకు నలుపు తెలుపులే గాని నడిమి బూడిదవన్నె తెలియదు. హాఫ్‌టోను బ్లాకునకు వ్యయ మధికము. ముతకకాగితముపై నది మసకబారును. అందుచేత చిత్రకారుడు నల్లసిరాతో స్పష్టమైన గీతలు గీచి, నీడలను గూడ గీతలచేతనో చుక్కలచేతనో సూచింపవలసివచ్చెను. బొమ్మను పెద్దదిగా వేసి అచ్చులో తగ్గించెడివారు కావున, తగ్గినప్పుడు కలిసిపోవు సన్నగీతల నతడు ముందుగానే విడిచిపెట్టవలెను. ఇట్లు యంత్రముయొక్క దారిద్ర్యమే గీతకు సంయమమును నేర్పినది. తెలుగు పత్రికలలో ఇరువదవ శతాబ్ది నడిమి దశకములనాటి రేఖాచిత్రముల బిగువునకు ఇది యొక ముఖ్యకారణము. ఆఫ్‌సెట్టు అచ్చు వచ్చి, పిమ్మట కంప్యూటరు వచ్చి, ఏ వన్నెనైనను సులభముగా నచ్చొత్తుటకు వీలు కలిగిన తరువాత, గీత బిగువును నిలుపుకొనుట యంత్రము పెట్టిన నిర్బంధము గాక చిత్రకారుని స్వయంనియమ మైనది.

ఈ ధర్మముల నన్నింటిని ఒక్కచోట చూపగల ఉదాహరణము బాపు పేరున ప్రసిద్ధుడైన సత్తిరాజు లక్ష్మీనారాయణ. ఆయన 1933 డిసెంబరు 15న పశ్చిమగోదావరి మండలములోని నరసాపురమున జన్మించి, మద్రాసున పెరిగి, 1955లో మద్రాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రపట్టము పొందెను. న్యాయవాదవృత్తిని చేపట్టక ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రములు వేయ మొదలిడెను. కొంతకాలము వాణిజ్యప్రకటనల సంస్థలలో పనిచేసెను. పిమ్మట స్వతంత్రుడై పెక్కు పత్రికలకును ప్రచురణకర్తలకును బొమ్మలు వేసెను. 1967లో ‘సాక్షి’తో చలనచిత్రదర్శకు డయ్యును కథాచిత్రములను మానలేదు. 2013లో పద్మశ్రీ పురస్కారము నందుకొని, 2014 ఆగస్టు 31న చెన్నపట్టణమున పరమపదించెను. తెలుగున తొలి వ్యంగ్యచిత్రకారుడుగా పేరుగన్న తలిశెట్టి రామారావు గూడ న్యాయవాదియే యగుట గమనింపదగినది. వాక్యములోని ప్రతిపదమును పట్టి చూచు అలవాటు న్యాయవిద్యార్థికి నేర్పబడును; ఆ యలవాటు కథను చదువు చిత్రకారునకు వ్యర్థముగా పోదు.

ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ ఆంధ్రపత్రిక వారపత్రికలో 1950వ దశకమున వెలువడినప్పుడు బాపు దానికి బొమ్మలు వేసెను. ఇచ్చట వ్యాఖ్యాత యెదుర్కొనిన సమస్య సామాన్యమైనది కాదు. ఆ కథను చెప్పువాడు ఆ బాలుడే. తన కథను తానే చెప్పుకొనువాడు తన్ను తాను చూడజాలడు. తన ముఖ మెట్లున్నదో, తాను నడుచునప్పుడు తన నిక్కరు ఎట్లున్నదో వానికి తెలియదు. పెద్దలను వాడు చూచిన చూపు రచనలో నున్నది. వానిని ఇతరులు చూచు చూపు రచనలో లేదు. ఆ లోపించిన చూపును చిత్రకారు డిచ్చెను. మాటలలో తన్ను మహావీరునిగా నెంచుకొను బుడుగు, బొమ్మలో చిన్న నిక్కరుతో నిలిచిన పసివాడుగా కనబడుటచేత, చదువరికి మాటయు బొమ్మయు నొక్కమారుగా తట్టి హాస్యము పుట్టుచున్నది. మాట నొక్కదానిని తీసికొన్నను, బొమ్మ నొక్కదానిని తీసికొన్నను ఆ హాస్యము పూర్ణము కాదు. ఇది అలంకారము కాదు; అర్థపూరణము. మూలమున లేనిదానిని బాపు చేర్చెనని తోచవచ్చును గాని, మూలము అడిగి చెప్పలేకపోయినదానినే చేర్చెనని విమర్శకుడు చెప్పవలెను. వ్యాఖ్యాతకు ఇంతకంటె గొప్ప పని లేదు.

శంకరమంచి సత్యము రచించిన ‘అమరావతి కథలు’ నూఱును ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వెలువడినవి. ఆ గ్రంథము 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందినది. నూఱు కథలకు నదియు, గుడియు, ఊరును ఒక్కటియే. వారము వారము అదే యూరిని వేయుచు పునరుక్తి రాకుండ చూచుకొనుట ఎంత కష్టమో పద్యకావ్యములలో సూర్యోదయవర్ణనల నెఱిగిన పండితులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కథల పేరు తలచినంతనే చదువరుల మనస్సున బాపు గీతయు మెదలుట ఆయన వ్యాఖ్య రచనలో నెంతగా కలిసిపోయినదో తెలుపుచున్నది.

బాపు ప్రేరణములను విచారించినచో, తమిళపత్రిక ఆనందవికటన్‌లో ప్రసిద్ధుడైన గోపులు (1924–2015) ఆయనకు గురుస్థానీయుడు. కొత్తమంగళం సుబ్బు రచించిన ‘తిల్లానా మోహనాంబాళ్’ ధారావాహికకు బొమ్మలు వేసి, పాత్రలకు ముఖము లిచ్చినవాడు గోపులు. గీతతో నవ్వించుటయు, గీతతో ఒక కుటుంబమునో ఒక వీథినో నిలబెట్టుటయు ఆ సంప్రదాయమున నున్నవి. దానికి ఆలయశిల్పమును, తోలుబొమ్మలాటయు, గోదావరితీరపు బాల్యస్మృతులును తోడైనవి. ఇన్ని మూలములనుండి గ్రహించియు ఏ మూలమునకును నకలు కాకుండుట ఆయన ప్రతిభ. ఆయన శీర్షికలకు వ్రాసిన అక్షరములు గూడ బొమ్మలే. తరువాతికాలమున కంప్యూటరు లిపిగా రూపొంది ఆయన పేరుననే వ్యవహరింపబడుచున్నవి. రాతిపై శాసనము చెక్కినవానివలె వ్రాతను గీతను మరల నొక్కచేతిలోనికి తెచ్చిన వా డాయన.

ఇంత చెప్పిన పిమ్మట ఆయన ప్రభావముయొక్క రెండవ ముఖమునుగూడ చెప్పకున్న విమర్శ పక్షపాత మగును. విశాలనేత్రములు, పొడవైన జడ, సన్ననినడుము గల స్త్రీమూర్తి ఆయన గీతలో పుట్టి, ‘బాపు బొమ్మ’ అను జాతీయమై తెలుగుభాషలో చేరినది. చిత్రకారుని పేరు భాషలో జాతీయ మగుట అరుదైన గౌరవము. కాని జాతీయ మైనంతనే బొమ్మ విశేషమును విడిచి సామాన్య మగును. ఆయనను అనుకరించినవారి చేతులలో కథ యేదైనను నాయిక యొక్కతెయే యయ్యెను. కథలోని స్త్రీ నల్లనిదైనను, అలసినదైనను, నడివయసు దాటినదైనను, ఆ జడయు ఆ కన్నులునే పుటపై నిలిచెను. ఇది మల్లినాథుని మొదటి నియమమునకు భంగము. రచయిత యేరికోరి చెప్పిన విశేషమును చిత్రకారుడు అలవాటుచేత తుడిచివేయుచున్నాడు. వ్యాఖ్య మూలమును మింగినచో నది వ్యాఖ్య గాదు.

స్థలవిషయమునను ఇట్టి దోషమే కలదు. పత్రికాచిత్రకారుడు అచ్చుకూటమునకు చేరువ నుండనక్కఱలేదని పూర్వోదాహరణములే తెలుపుచున్నవి. చందమామ ముఖచిత్రములచేతను, ‘యువ’ మాసపత్రికలోని వర్ణచిత్రములచేతను ప్రసిద్ధికెక్కిన వడ్డాది పాపయ్య (1921–1992) మద్రాసున గాక అనకాపల్లి ప్రాంతములోని కశింకోటలో నివసించి బొమ్మలు వేసెను. బాపు మద్రాసున నుండి గోదావరిని గీచెను. వారిరువురును తమ తమ స్మృతిలోని నేలనే గీచిరి. అది వారికి సమూలమే. కాని తెలుగు పత్రికల కేంద్రము మద్రాసునుండి విజయవాడకును, అచ్చటినుండి హైదరాబాదునకును మారినది, కథలును మారినవి, బొమ్మలలోని నేల మాత్ర మంత త్వరగా మారలేదు.

హైదరాబాదు తూర్పుభాగమునే తీసికొని విచారింతము. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, లాల్ బహదూర్ శాస్త్రి పేరున వెలసిన ఎల్. బి. నగర్ అను ప్రాంతములు ఒకనాడు పొలములు. విజయవాడకు పోవు రాజమార్గము వీనిమీదుగా పోవుటచేత నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు మండలములనుండి వచ్చినవారు మొదట కాలు మోపినచోటులు ఇవియే యైనవి. కోచింగు కేంద్రములు, విద్యార్థుల హాస్టళ్లు, ఇరుకు గదుల అద్దెయిండ్లు, నకలుతీయు దుకాణములు, మెస్సులు ఇచ్చట దట్టముగా పెరిగినవి. గడ్డిఅన్నారము పండ్లమార్కెట్టు 2022 నాటికి బాటసింగారమునకు తరలిపోవువఱకు మామిడి బత్తాయిల లారీలతో కొత్తపేట క్రిక్కిఱిసియుండెను. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్. బి. నగర్ వఱకు మెట్రో రైలు నడువ మొదలిడిన నాటినుండి రాజమార్గము నడుమ ఎత్తైన స్తంభముల వరుస నిలిచినది. ఉద్యోగపరీక్షకు చదువు యువకుడు, హాస్టలు గదిలోని యువతి, ఊరినుండి బియ్యపుమూటతో బస్సు దిగిన తండ్రి, ఇవి నేటి తెలుగు కథకు సహజమైన పాత్రలు. ఇట్టి కథకు కొబ్బరిచెట్టును, పెంకుటింటి అరుగును, కాలువగట్టును నేపథ్యముగా వేయుట అందమైన అసత్యము. ఆ తండ్రి చేతిలోని మూటకును, ఆ స్తంభముయొక్క ఎత్తునకును గల తారతమ్యమును ఒక్క నిలువుగీతతో చూపగలవాడు ఆ కథకు వ్యాఖ్యాత.

అట్టి గీతకు మార్గము చూపినవారు హైదరాబాదున లేకపోలేదు. ఓరుగల్లు ప్రాంతమునుండి వచ్చిన చంద్ర (1946–2021), వ్యంగ్యచిత్రములచేత ‘ఉదయం’ మొదలగు పత్రికలలో పేరొందిన మోహన్ (మరణము 2017) కథలకును పుస్తకముఖచిత్రములకును విరివిగా బొమ్మలు వేసి, గోదావరి లాలిత్యమునకు భిన్నమైన బిరుసుగీత నొకదానిని తెలుగు పుటకు పరిచయము చేసిరి. శ్రమచేయు దేహములు, కోపించిన ముఖములు అందుచేత పుటపై చోటు సంపాదించినవి.

ఇక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గదిని అద్దెకు గొని యీ వృత్తితో జీవించు చిత్రకారు డొక్కని ఊహించి, అతని పని సాగు తీరును గమనింపుడు. ఆదివారపు అనుబంధమునకు కథ వారము నడుమ నతనికి అందును. బొమ్మ మఱునాటికో, ఆనాటి రాత్రికో కావలెను. కొన్నిమార్లు కథ మొత్తము రాదు. నాలుగు పంక్తుల సారాంశమే ఫోనులో వచ్చును. చిత్తుబొమ్మ పంపి అంగీకారము పొంది, సిరాతో కాగితముపైనో, విద్యుత్‌పలకపైనో పూర్తిచేసి పంపవలెను. అచ్చుపుటలో చోటు తగ్గినచో బొమ్మయు తఱుగును. ఒక ప్రకటన యెక్కువ వచ్చినచో బొమ్మ మొత్తము తొలగును. ప్రతిఫలము అచ్చైన తరువాతి మాట. ఇట్టి స్థితిలో కథను రెండుమార్లు చదువుట అతనికి నష్టమైన పని, అయినను చదువును. ఆ రెండవ పఠనమే వ్యాఖ్యాతను అలంకర్తనుండి వేరుచేయునది. ఆ పఠనమునకు తగిన వ్యవధిని గాని వెలను గాని యీయని పత్రిక, వ్యాఖ్యను కోరుట లేదు; పుట నిండుటనే కోరుచున్నది.

ఇచ్చట నొక యాక్షేపము రాదగును. బొమ్మ పాఠకుని ఊహను బంధించునుగదా, మంచి కథకు బొమ్మ యేల యని. ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేరు తాను జీవించియున్నంతకాలము తన నవలలకు బొమ్మలు వేయనీయలేదు. మాటలలోని స్త్రీ వేయిమంది స్త్రీలను తలపించుననియు, బొమ్మలోని స్త్రీ యొక్కతె మాత్రమే యగుననియు ఆయన యభిప్రాయము. ఆక్షేపము బలమైనదే. కాని యిదియే మాట కావ్యవ్యాఖ్యానమునకును వర్తించును. ఒక శ్లోకమునకు వ్యాఖ్యాత యొక యర్థమును స్థాపించుటచేత మిగిలిన యర్థములు నశింపలేదు. పైపెచ్చు విచారమునకు నిలువ చోటు దొఱకినది. దుష్టవ్యాఖ్య ఊహను మూయును. సద్వ్యాఖ్య ఊహకు మొదటి మెట్టగును. ముఖమును చూపక వీపును చూపిన బొమ్మ, మనిషిని చూపక విడిచిపోయిన చెప్పులను చూపిన బొమ్మ పాఠకుని ఊహను పిలుచునే గాని బంధింపదు.

పేరులేమినిగూర్చి లోకమున నొక విషాదోదాహరణము కలదు. ‘పిక్విక్ పేపర్స్’ అను నవల 1836లో లండనున మొదలైనది రాబర్టు సేమూర్ అను చిత్రకారుని బొమ్మలకొఱకు. ఆ బొమ్మలకు తోడుగా వచనము వ్రాయుటకై ప్రచురణకర్తలు యువకుడగు డికెన్సును కుదిర్చిరి. అచిరకాలముననే వచనము ముందునకును బొమ్మ వెనుకకును పోయినవి. రెండవ భాగమునకు బొమ్మలు సిద్ధపఱచుచున్న దినములలో, ఆ సంవత్సరము ఏప్రిలులో, సేమూర్ ఆత్మహత్య చేసికొనెను. తరువాత ‘ఫిజ్’ అను పేరున హాబ్లట్ బ్రౌన్ ఆ స్థానమునకు వచ్చి చిరకాలము డికెన్సు పాత్రలకు రూపమిచ్చెను. నేడు డికెన్సును పఠించు విద్యార్థులు ఫిజ్ పేరును గ్రంథములలో చూడగలరు. తెలుగు కథలను పఠించు విద్యార్థులకు ఆపాటి సదుపాయమైనను లేదు. ధారావాహికములు గ్రంథరూపము తాల్చినప్పుడు బొమ్మలు తరచుగా విడువబడుచున్నవి. నిలిచినచోటను, ముఖపత్రమున గ్రంథకర్త పేరు, ప్రకాశకుని పేరు, ముద్రాలయము పేరు ఉండును గాని లోపలి బొమ్మలవాని పేరు తఱచుగా నుండదు.

శాసనము ఈ విషయమున నిర్లక్ష్యముగా లేదు. 1957నాటి భారత కాపీరైటు చట్టమున 17వ సెక్షను ప్రకారము కృతికి కర్తయే తొలి హక్కుదారుడు. పత్రికలో ఉద్యోగియై చేసిన పనియందు, పత్రికలలో ప్రచురించుటకు సంబంధించినంతవఱకు, హక్కు పత్రికాస్వామిది. ఫ్రీలాన్సు చిత్రకారుడు ఉద్యోగి కాడు. హక్కును మార్చి యిచ్చుటకు వ్రాతపూర్వకమైన ఒడంబడిక వలయునని 19వ సెక్షను చెప్పుచున్నది. హక్కును పూర్తిగా విక్రయించినను, ఈ కృతికి కర్తను నేనని చెప్పుకొను అధికారము కర్తకే యుండునని 57వ సెక్షను రక్షించుచున్నది. కావున బొమ్మకు ప్రతిఫల మిచ్చుటచేత పత్రిక బొమ్మను ప్రచురించు హక్కును పొందవచ్చును గాని, చిత్రకారుని పేరును తుడిచివేయు హక్కును పొందజాలదు. పేరు వేయుట దయ కాదు, ఋణము.

నేటికాలమున ఈ ఋణము మఱియొక రూపమున ముందునకు వచ్చినది. 1991లో భారతి, ఆంధ్రపత్రికలు ఆగిపోయినవి. 2020 నాటి కరోనా మహమ్మారి కాలమున కొన్ని పత్రికలు అచ్చును నిలిపివేసినవి. బొమ్మ కవకాశమిచ్చు పుటలు తగ్గినవి. 2022 మొదలుగా, నాలుగు మాటలు చెప్పినంతనే చిత్రమును కల్పించి యిచ్చు కంప్యూటరు సాధనములు జనసామాన్యమునకు అందుబాటైనవి. వ్యయము తక్కువ, వేగ మెక్కువ. ఈ చిత్రములను వన్నెచిన్నెలచేత గాక పూర్వోక్త సూత్రములచేతనే పరీక్షింపవలెను. అవి పెక్కు పూర్వచిత్రముల సామాన్యరూపమునుండి పుట్టునవి కావున, ఈ కథకు మాత్రమే చెందిన విశేషమును అవి తమంత తాము ఎఱుగవు. కొత్తపేట హాస్టలు గదికిని మఱి యే నగరపు గదికిని భేదమును చూపవు. వెలుగును, పొగమంచును, పూలను అవసరమున్నను లేకున్నను క్రుమ్మరించును. అమూలము, అనపేక్షితము అను రెండు దోషములును వానియందు సహజములు. కాని పక్షపాతము లేక చెప్పవలెనన్నచో, కథను చదువకయే అలవాటు బొమ్మను వేసిన మనుష్యుడును అదే పని చేసినవాడు. యంత్రము ముందుగా తొలగించునది అట్టి పనినే. కథను చదివి, క్షణము నెన్నుకొని, మూలము పలుకజాలనిదానిని గీతతో పలికించు వ్యాఖ్యాతకు బదులు నిలుచునది కానరాదు. అయితే పత్రికలవారికి ఆ తేడా తెలియునా అనునదే ప్రశ్న, తెలియజెప్పవలసినది విమర్శకులు. విమర్శకు లిన్నాళ్లు ఊరకుండుటచేతనే బొమ్మ అలంకారమను నమ్మకము స్థిరపడినది. అలంకారమునకు చౌకబేరము న్యాయమే యని తోచును.

కావున సాహిత్యపరిశోధకులయెదుట మూడు పనులు గలవు. మొదటిది, కథల సూచికలను, గ్రంథసూచికలను కూర్చునప్పుడు రచయిత పేరు, పత్రిక పేరు, సంచిక తేదీలతోపాటు చిత్రకారుని పేరునుగూడ ఎక్కించుట. పాతపత్రికల ప్రతులు శిథిలమగుచున్నవి. బొమ్మ మూలనున్న చిన్న సంతకమును గుర్తింపగలవారు నానాటికి తగ్గుచున్నారు. రెండవది, కథాసంపుటములను పునర్ముద్రించునప్పుడు తొలిముద్రణనాటి బొమ్మలను, పేరును చేర్చుట. చేర్చుటకు వీలులేనిచో ఆ బొమ్మ లుండెనని పీఠికలోనైన చెప్పుట. మూడవది పాఠశాలా పండితుల చేతిలోనిది. పాఠ్యపుస్తకమునందలి కథకు వేసిన బొమ్మను చూపి, ఇది కథలో నేక్షణము, ఏల దీని నెన్నుకొనిరి, కథలో లేని దిందేమున్నది, ఉన్న దేమి విడిచిరి యని విద్యార్థుల నడిగినచో, వారు కథను మఱియొకమారు చదువక తప్పదు. ప్రతిపదార్థమును చెప్పించుటకంటె ఆ ప్రశ్నలు తక్కువ ఫలమీయవు.

వ్యాఖ్యాతలను గౌరవించిన జాతి తెలుగుజాతి. మల్లినాథుని పేరులేక కాళిదాసును చదివిన పండితులు మన దేశమున మిక్కిలి అరుదు. గీతతో వ్యాఖ్య చేసినవానికిని ఆ పంక్తిలోనే పీట వేయవలెను. అట్లు వేయుటకు ముందు, అతని వ్యాఖ్యను ప్రశంసచేతనే గాక నిష్కర్షయైన విమర్శచేతను పరీక్షింపవలెను. తూచి చూడబడని సరకునకు అంగడిలో నిలుకడయైన వెల యుండదు.